మందు తూకం, గుండు కొలత

1925 జులై 4, అమెరికా స్వాతంత్ర్య దినోత్సవం. పండగ సందడిగా ఎల్మర్ కీత్ అనే యువకుడు తన .45 కోల్ట్ రివాల్వర్‌ను పేల్చాడు. ఒక పేలుడు మాత్రం చెవులు దిమ్మెక్కేలా వినిపించింది. తుపాకి చూసుకుంటే సిలిండర్‌లో మూడు గదుల పై సగం ఎగిరిపోయింది. దాని మీదుగా పోయే ఉక్కు పట్టీ కూడా లేదు. ఆ తూటాలు కీత్ సొంతంగా నింపుకున్నవే. పాత ఇత్తడి కేసుల్లో మందు దట్టించి, రైఫిల్‌కు వాడే బరువైన గుండు బిగించాడు.

ఎందుకు పగిలిందన్నది అతన్ని వదల్లేదు. అదే కొలతలున్న సిలిండర్‌లో .45 సైజు రంధ్రాలు ఆరు తొలిస్తే గదుల మధ్య గోడలు పల్చబడతాయి. .44 సైజు తొలిస్తే ఆ మేరకు ఉక్కు మందంగా మిగులుతుంది. ఈ లెక్కతోనే కీత్ .44 స్పెషల్ వైపు మళ్లాడు. ఆ తర్వాత దాదాపు ముప్పై ఏళ్లు ఆ తూటా మీద పనిచేస్తూ, పత్రికల్లో రాస్తూ, ఇంకా బలమైనది తయారుచేయమని కంపెనీల వెంటపడ్డాడు. చివరికి స్మిత్ అండ్ వెసన్ తుపాకి, రెమింగ్టన్ తూటా ఇవ్వగా 1955 చివర్లో .44 మాగ్నమ్ పుట్టింది. దాని కేసును స్పెషల్ కంటే అంగుళంలో ఎనిమిదో వంతు పొడవు పెంచారు. పాత తుపాకుల్లో పొరపాటున కూడా దూరకూడదని అలా చేశారు.

తూటాను చేతితో నింపుకోవడం అమెరికాలో పాత అలవాటు. పశ్చిమ రాష్ట్రాల్లో దుకాణం దూరం, తూటా ఖరీదు. కాల్చిన కేసు ఏరుకుని మళ్లీ వాడుకోవడం అక్కడి బతుకులో భాగం. 1880ల నుంచి ఐడియల్ కంపెనీ అమ్మిన పటకారులాంటి పనిముట్టు జీను సంచిలో ఇమిడిపోయేది. ఇప్పుడు కూడా సొంత వాడకానికి నింపుకోవడానికి అక్కడి ఫెడరల్ చట్టం లైసెన్సు అడగదు, అమ్మితే అడుగుతుంది. మన దేశంలో సంగతి వేరు. 1959 ఆయుధాల చట్టం కింద లైసెన్సు లేకుండా తూటాలు తయారుచేయడం నేరం. అందుకే ఈ పనిని దాని సొంత గడ్డ మీదే చూస్తున్నాను.

తూటాలో ఉండేవి నాలుగే: ఇత్తడి కేసు, దాని అడుగున నిప్పు పుట్టించే ప్రైమర్, లోపల మందు, మూతిలో గుండు. కాల్చిన కేసు ఉబ్బి ఉంటుంది. దాన్ని డై లోకి నొక్కి మళ్లీ సైజుకు తెస్తారు, కొత్త ప్రైమర్ ఎక్కిస్తారు, మూతిని కొద్దిగా వెడల్పు చేస్తారు, మందు పోసి గుండు కూర్చోబెట్టి మూతి బిగిస్తారు. పద్ధతి ఒక పూటలో వస్తుంది. గురి కుదిరేలా చేయడానికే ఏళ్లు పడుతుంది. నా ఉద్దేశంలో ఈ విద్య విలువంతా ఆ ఏళ్లలోనే ఉంది.

రివాల్వర్‌కు రైఫిల్‌కు లేని చిక్కు ఒకటుంది. గుండు బయలుదేరేది సిలిండర్ గదిలో, దూసుకుపోవాల్సింది బ్యారెల్‌లో. రెంటి మధ్యా సందు. ఒక్కో గదీ బ్యారెల్‌కు ఎదురుగా వచ్చి ఆగాలి, గుండు ఆ సందు దాటి కోసుగా ఉన్న బ్యారెల్ వెనక మూతిలో పడాలి. పైగా ఇది ఒక గది కాదు, అయిదో ఆరో. కాబట్టి అనుభవమున్నవాళ్లు మందు డబ్బా తెరవకముందే కొలతలు మొదలుపెడతారు. మెత్తని సీసం ముక్కను బ్యారెల్‌లోంచి నెట్టి, దాన్ని మైక్రోమీటర్‌తో కొలుస్తారు. .44 అని పేరే గానీ, నిజం కొలత 0.429 అంగుళాల దగ్గర ఉంటుంది. తర్వాత ప్రతి గది ముందు భాగంలో గుండు బయటికొచ్చే ద్వారాన్ని కొలుస్తారు. దాన్ని థ్రోట్ అంటారు. అది బ్యారెల్ కొలతకు సమానంగానో, వెంట్రుక వాసి ఎక్కువగానో ఉండాలి. ఇరుకైతే గుండు అక్కడే నలిగి సన్నబడుతుంది. ఆపై బ్యారెల్ గోడకు ఆనక, పక్కల నుంచి వేడి వాయువు దూసుకుపోయి సీసాన్ని కోసేస్తుంది. నాలుగు రౌండ్లు కాల్చేసరికి బ్యారెల్ లోపల సీసం పూత కనబడుతుంది, చిల్లులు కాగితం మీద చెల్లాచెదురవుతాయి. అలాంటి తుపాకికి ఎంత మంచి మందు తూచి పోసినా దండగే. థ్రోట్లు సరిచేయించాకే మిగతా పని.

బ్యారెల్‌ను ఫ్రేమ్‌లోకి మరతిప్పి బిగించిన చోట కూడా ఒక్కోసారి లోపలి గోడ కొంచెం నొక్కుకుపోతుంది. సీసం ముక్కను చేతితో నెడుతున్నప్పుడు అక్కడ హఠాత్తుగా బిగుసుకుంటే ఆ జబ్బు ఉన్నట్టే.

గుండు విషయంలో కీత్ ఇచ్చిన వారసత్వం అచ్చు రూపంలో ఇప్పటికీ ఉంది. లైమన్ 429421 అచ్చులో దిగే గుండు సుమారు 250 గ్రెయిన్లు తూగుతుంది. పౌనుకు 7,000 గ్రెయిన్లు, అంటే అది పదహారు గ్రాముల పైచిలుకు. ముక్కు చదునుగా ఉంటుంది. బ్యారెల్‌ను పట్టుకునే పట్టీలు మూడూ వెడల్పే. గ్రీజు నింపడానికి లోతైన గాడి, మూతి మడవడానికి ఏటవాలు గాడి, అడుగు సమతలం. కీత్‌కు నచ్చిన పోత పదహారు వంతుల సీసానికి ఒక వంతు తగరం. మరీ గట్టి పోత అన్ని వేళలా మేలు కాదు. ఒత్తిడికి కొద్దిగా ఉబ్బి గోడకు ఆనుకునేంత మెత్తదనం కావాలి, బ్యారెల్ గాళ్ల మీద జారిపోనంత గట్టిదనం కావాలి. సీసం కరిగించి అచ్చు పోసే పని గాలి ఆడే చోట చేయాలి, చేతులు కడగకుండా అన్నం ముట్టకూడదు. సీసం ఒంట్లో చేరితే నెమ్మదిగా చెరుపు చేస్తుంది.

మందుల్లో వేగంగా కాలేవీ, నిదానంగా కాలేవీ ఉన్నాయి. వేగంగా కాలే మందు కేసులో అడుగున చిటికెడే ఉంటుంది కాబట్టి మరచిపోయి రెండుసార్లు పోసినా పట్టేస్తుంది, ప్రమాదమంతా అక్కడుంది. అందుకే యాభై కేసుల చెక్క పళ్లెం మీద టార్చిలైటు వేసి ప్రతి కేసులోకి తొంగిచూసి గానీ గుండు పెట్టరు. మాగ్నమ్‌కు ఇష్టపడే నిదానపు మందులు కేసును బాగా నింపుతాయి. వాటిలో హెచ్110 లాంటి మందును తూకాల మాన్యువల్ చెప్పినదానికంటే బాగా తగ్గించి పోయకూడదు. సరిగా అంటుకోక గుండు బ్యారెల్‌లో ఇరుక్కుపోవచ్చు. దాని వెనకే మరో తూటా పేలితే తుపాకి చీలిపోవచ్చు. తక్కువ పోస్తే క్షేమమన్న సామాన్య జ్ఞానం ఇక్కడ పనిచేయదు. ఏ మందు ఎంత పోయాలన్నది తాజా మాన్యువల్‌లో చూసుకోవాల్సిందే. పాత వ్యాసాల్లోని అంకెలు ఇప్పటి మందుకూ, ఇప్పటి కేసుకూ కుదరకపోవచ్చు.

మూతి మడత గురించి కొత్తవాళ్లు తక్కువ పట్టించుకుంటారు. తుపాకి తన్నినప్పుడు అది వెనక్కి వస్తుంది. మిగతా గదుల్లోని బరువైన గుళ్లు ఉన్నచోటే ఉండాలని చూస్తాయి. మూతి గట్టిగా పట్టుకోకపోతే గుండు కేసులోంచి ముందుకు పాకి సిలిండర్ బయటికి ముక్కు పెడుతుంది. సిలిండర్ తిరగనే తిరగదు. ఈ మడత గుండును ఆపడమే కాదు, నిదానపు మందు సమంగా అంటుకునేలా ఒక క్షణం నిలబెడుతుంది కూడా. ఇది అన్ని తూటాలకూ ఒకేలా ఉండాలంటే కేసుల పొడవు ఒకటే ఉండాలి. కాబట్టి పొడవు ప్రకారం వేరుచేసి కత్తిరిస్తారు. పరీక్ష తేలికే. ఒక తూటా పొడవు కొలిచి ఆఖరి గదిలో ఉంచి, మిగతావి కాల్చి, దాన్ని మళ్లీ కొలుస్తారు. పెరిగిందంటే పట్టు చాలలేదు.

ఆ తర్వాత కాగితం ముందుకు వెళతారు. మాన్యువల్‌లోని కనీస తూకంతో మొదలుపెట్టి అర గ్రెయినో, అంతకన్నా తక్కువో పెంచుకుంటూ ఒక్కో మెట్టుకు కొన్ని తూటాలు నింపి, విడివిడి పెట్టెల్లో వేసి చీటీలు అంటిస్తారు. 25 గజాల దూరంలో ఇసుక సంచి మీద చేతులు ఆనించి కాలుస్తారు. వేగం కొలిచే క్రోనోగ్రాఫ్ అన్నిటికంటే వేగమైన తూటాకూ, నెమ్మదైన దానికీ ఉన్న తేడా చెబుతుంది. ఏ గది తూటా ఏ చిల్లు వేసిందో రాసుకునేవాళ్లే నిజంగా నేర్చుకుంటారు. ఒక్క గది మాత్రమే చిల్లుల గుంపుకు దూరంగా కొడుతుంటే తప్పు మందుది కాదు. తూకం పెరుగుతుంటే గుంపు దగ్గరపడుతుంది, ఒక చోట బాగుంటుంది, తర్వాత మళ్లీ విచ్చుకుంటుంది. ఆ బాగున్న చోట ఆగిపోవడం ఈ పనిలో అన్నిటికంటే కష్టం. ఎందుకంటే పుస్తకంలో ఇంకా పై అంకె కనబడుతూనే ఉంటుంది. .44 మాగ్నమ్‌కు పరిశ్రమ పెట్టిన హద్దు చదరపు అంగుళానికి 36,000 పౌన్ల ఒత్తిడి. రివాల్వర్‌లో ఆ హద్దు దాటినట్టు కేసు ముందే చెప్పదు. కేసులు గదిలో బిగుసుకుపోయి బయటికి రావడం కష్టమైందంటే, హద్దు దాటి అప్పటికే చాలా దూరం పోయినట్టు.

కీత్ బాట నుంచి పక్కకు జరిగినవాళ్లూ ఉన్నారు. టెక్సాస్‌వాడు స్కీటర్ స్కెల్టన్ సరిహద్దు గస్తీలో పనిచేసిన మనిషి, 1988లో పోయాడు. షూటింగ్ టైమ్స్ పత్రికలో అతను మెచ్చుకున్నది .44 స్పెషల్‌లో ఇదే కీత్ గుండును సెకనుకు 900, 950 అడుగుల వేగంతో పంపే మధ్యరకం తూటా. మాగ్నమ్ 1,400 అడుగుల ముందు అది మెల్లనిదే. కానీ మణికట్టు నొప్పి పుట్టక గంట సేపు సాధన చేయవచ్చు. చదునైన ముక్కున్న ఆ బరువు గుండుకు జింకను పడగొట్టడానికి ఆ వేగం చాలు. బలమైన తూటా దగ్గరుండి కూడా ఎక్కువమంది ఎక్కువసార్లు నింపుకునేది ఈ మధ్యరకాన్నే. గుంపు దగ్గరపడేది కూడా తరచుగా అక్కడే.