నడ్పి గంగారెడ్డి ఎవరి కొడుకు?

ఆర్మూరు ప్రాంతంలో పూర్వీకుల ఆనవాళ్లు వెతకబోయేవారిని మొట్టమొదట తికమక పెట్టేది ఒకే పేరు మళ్లీ మళ్లీ ఎదురుకావడం. గోదావరిని గంగ అనే పిలుచుకునే ఈ సీమలో గంగారెడ్డి, గంగారాం, గంగవ్వ ఊరూరా ఉంటారు. భీమ్‌గల్ దగ్గరి లింబాద్రి గుట్ట నరసింహస్వామి మీది భక్తి వల్ల లింబాద్రులకు, నర్సయ్యలకు కొదవ లేదు. తాత పేరు మనవడికి పెట్టే ఆనవాయితీతో అదే పేరు తరం విడిచి తరం తిరిగి వస్తుంది. అది చాలదన్నట్టు, కొన్ని ఇళ్లలో అన్నదమ్ములందరికీ ఒకే పేరు పెట్టి పెద్ద, నడ్పి, చిన్న అని వేరుచేయడమూ ఉంది. నడ్పి అంటే నడిమివాడు. పసుపు అమ్మకానికి వచ్చినప్పుడు దడువాయి, అంటే తూకం వేసే మనిషి, ‘నడ్పి గంగారెడ్డి’ అని కేకేస్తే రావలసినవాడే వస్తాడు గాని, తూకం, ధర, కోతలు రాసిచ్చే తక్‌పట్టీ మీద ఆ ‘నడ్పి’ నిలుస్తుందన్న భరోసా లేదు.

ఇలాంటి చిక్కే ఫ్రెంచి వలసగా మొదలైన కెనడాలోని క్యుబెక్‌లోనూ ఉంది. అక్కడివి ‘ది’ పేర్లు. ఫ్రెంచిలో ఆ మాటకు ‘అనబడే’ అని అర్థం. 1665లో అక్కడ దిగిన కరిన్యాన్-సాలియేర్ పటాలపు సైనికులకు కొలువులో ఉండగా మారుపేర్లుండేవి. స్థిరపడిన వందలాదిమందిలో చాలామంది వాటిని ఇంటిపేరు పక్కనే అట్టిపెట్టుకున్నారు. సైనికులకే పరిమితం కాని ఈ అలవాటు వల్ల ‘ఉదోన్ ది బోల్యూ’ అనే ఒక్క కుటుంబంలో కొన్ని శాఖలు ఉదోన్‌లుగా, కొన్ని బోల్యూలుగా మిగిలాయి. అయితే అక్కడ చర్చి రిజిస్టర్లలో జ్ఞానస్నానం, పెళ్లి, ఖననం మూడూ నమోదయ్యేవి కనుక, సిప్రియాన్ తాంగే అనే మతగురువు వాటి ఆధారంగా 1871 నుంచి 1890 వరకు ఏడు సంపుటాల వంశ నిఘంటువును వెలువరించగలిగాడు.

ఆర్మూరు పల్లెలకు అంతటి దస్త్రం లేదు. ఉన్నది పహాణీ, అంటే ఏ సర్వే నంబరు ఎవరి పట్టా, ఎవరి సాగులో ఉందో ఏటేటా రాస్తూ వచ్చిన లెక్క. 1954-55 నాటి ఖాస్రా పహాణీ దాకా వెళితే తాతల పేర్లు తగులుతాయి. ఇంకా వెనక్కి పోతే నిజాం కాలపు ఉర్దూ రాత అడ్డొస్తుంది, హ్రస్వ అచ్చులను మామూలుగా రాయని ఆ లిపిలో పల్లె పేరు ఒక్కోరి నోట ఒక్కోలా పలుకుతుంది. పొలం లేనివాడు ఆ లెక్కలోకే ఎక్కడు. కాగితం వదిలేసినదాన్ని కొంతవరకు నోటితో నిలిపినవారు పిచ్చగుంట్లవారు. ఇప్పుడు వంశరాజ్ అని పిలిచే ఈ కులంవారు తాము ఆశ్రయించిన కాపు, రెడ్డి కుటుంబాల గోత్రాలను, ఇంటిపేర్లను కథలతో కలిపి వల్లించేవారు. పొగడ్త పాలు ఎక్కువే అయినా, ఇంటిపేర్ల విషయంలో ఆ నోటిని తీసిపారేయడం తొందరపాటే.

ఆడవాళ్ల దగ్గర మాత్రం ఇక్కడి కాగితం క్యుబెక్ ముందు పూర్తిగా తేలిపోతుంది. అక్కడి రిజిస్టరు పెళ్లయిన స్త్రీని పుట్టింటి ఇంటిపేరుతోనే రాసింది. పహాణీకి తండ్రి పేరో భర్త పేరో చాలు. గంగవ్వ పుట్టిల్లు తెలియాలంటే అత్తింట్లో పిల్లలు ఆమెను ఎలా పిలిచేవారో అడగాలి, ఎందుకంటే ‘అంకాపూర్ పెద్దమ్మ’, ‘పెర్కిట్ చిన్నమ్మ’ అన్న పిలుపుల్లోనే తరువాత వెతకవలసిన ఊరు ఉంటుంది.