సేతువ, డేగ, కాకి

పుంజును చూడటం తెలుగువాడికి ఎవరూ నేర్పనక్కర్లేదు. నల్లనిది కాకి, తెల్లనిది సేతువ, ఎర్రనిది డేగ. వాటి మధ్య నెమలి, కౌజు, మైల, పింగళ, పర్ల అంటూ ఇంకెన్ని ఛాయలో! కోడిపందేల కుక్కుట శాస్త్రం పేరుతో ఆ రంగులకు వారాలూ తిథులూ కూడా ముడిపెట్టారు. పందేన్ని నేను సమర్థించను. ఈక మీద వెలుగు జారే తీరును అంత శ్రద్ధగా కనిపెట్టి, ప్రతి ఛాయకూ ఒక పేరు పెట్టుకున్న ఆ కంటికి మాత్రం దండం పెడతాను. ఆ కన్నుతోనే, పుంజు తినే పురుగును కూడా ఒకసారి చూడమని అడుగుతున్నాను.

విశాఖపట్నం వన్ టౌన్‌లో పెరడు అపురూపం. బురుజుపేట సందుల్లో ఇళ్లు గోడకు గోడ ఆనుకుని ఉంటాయి. కోళ్ల మీద మమకారం ఉన్నవాళ్లకు డాబాయే పెరడు. అక్కడ గీరడానికి మట్టి లేదు, పెంటకుప్ప లేదు, పుట్ట లేదు. పల్లెలో అయితే పాత కుండలో పేడా గడ్డీ కూరి, తడిపి, పుట్ట దగ్గర బోర్లిస్తే తెల్లారేసరికి చెదలు పడతాయి. పిల్లకోళ్లకు అంతకు మించిన విందు లేదు. తొలకరికి ఉసిళ్లు లేచినప్పుడు కోళ్లు చేసే హడావుడి చూసినవాళ్లకు కోడికి పురుగంటే ఏమిటో వేరే చెప్పాలా? డాబా మీది కోడికి ఆ భాగ్యం కలిగించడానికి ఒక వెడల్పాటి ప్లాస్టిక్ టబ్బు, రెండు మూడు అంగుళాల గోధుమపొట్టు, అందులో కాసిని మీల్‌వార్మ్‌లు చాలు. పంజరపు పిట్టల కోసం, అలంకార చేపల కోసం వీటిని అమ్ముతుంటారు. ఇవి ఒక నల్ల పెంకు పురుగు పిల్లలు. నున్నటి గోడను ఎక్కలేవు. పెద్ద పురుగులకు రెక్కలున్నా ఎగరడం అరుదు. చీమలు పట్టకుండా బల్ల కాళ్ల కింద నీళ్ల పళ్లేలు పెడితే సరి. టబ్బులో నీళ్లు పోయకూడదు. దాహానికి క్యారెట్ ముక్కో బంగాళాదుంప ముక్కో వేయాలి. మన సముద్రపు గాలికి ఆ ముక్క ఇట్టే బూజు పడుతుంది కాబట్టి పల్చగా తరిగి, పొట్టు పైనే ఉంచి, మర్నాడు తీసేయాలి. పని ఇంతే. అసలు సంగతి చూడటంలో ఉంది.

ముందు వినాలి. రాత్రి పోర్టు వైపు నుంచి ఓడ కూత, గూడ్సు బళ్ల చప్పుడు సద్దుమణిగాక టబ్బు మీదికి చెవి వంచండి. వందల నోళ్లు పొట్టును కొరికే సన్నని గరగర వినిపిస్తుంది. ఆగదు, పెరగదు, తగ్గదు. అందులో తొందర లేదు. పైకి కదలిక లేనట్టే కనిపించే పొట్టు లోపల అంత పని జరుగుతోందని తెలిశాక, ఆ టబ్బు పక్కనుంచి ఊరికే నడిచి వెళ్లడం నాకు చేతకాదు.

మూత తీసిన మొదటి క్షణంలో కలిగేది జుగుప్సే, కాదనను. భరతుడు నాట్యశాస్త్రంలో బీభత్సానికి జుగుప్సనే స్థాయీభావంగా చెప్పాడు. బీభత్సం నుంచి భయానకం, వీరం నుంచి అద్భుతం పుడతాయన్నాడు. ఈ టబ్బు దగ్గర మాత్రం దారి మారి, బీభత్సమే అద్భుతానికి చేరుస్తుందని నా వాదన. జుగుప్స కలిగించేది గుంపు. ఒక్కదాన్ని తీసి అరచేతిలో వేసుకుంటే ఆ జుగుప్స నిమిషంలో విస్మయంగా మారుతుంది. తేనెరంగు ఒళ్లు, కణుపు కణుపుకూ కాస్త ముదురు గోధుమ పట్టీ, ముందు వైపు ఆరు చిన్న కాళ్లు. అప్పుడే కుబుసం విడిచినదైతే పాలతెలుపు, పట్టుకుంటే నలిగిపోతుందేమో అనిపించేంత మెత్తన. ఎదిగేలోగా సాధారణంగా పదిసార్లకు తక్కువ కాకుండా అలా విడుస్తుంది. ఆ ఖాళీ కుబుసాలు పొట్టు మీద తేలుతుంటాయి. చాటలో పోసి చెరిగితే గాలికి ఎగిరిపోతాయి. జల్లెడ పడితే దిగే ఇసుకలాంటి రెట్ట మొక్కల మొదట్లోకి మంచి ఎరువు.

దీని శరీరంలో ఒక విద్య ఉంది. గాలిలో తేమ సుమారు 88 శాతం దాటితే ఈ పురుగు తన పేగు చివరి భాగంతో ఆ గాలిలోని నీటిని లోపలికి లాక్కోగలదు. మన ఒంటికి జిడ్డు పట్టించి, పప్పుల డబ్బాలో బూజు పుట్టించే గాలే దానికి తాగునీరు. వైజాగ్ ఉక్కను నేను జీవితమంతా తిట్టుకున్నాను. ఇది తెలిశాక అంత గట్టిగా తిట్టలేకపోతున్నాను.

రెండు మూడు నెలలు తిన్నాక పురుగు తినడం మానేస్తుంది. పొట్టు పైకి వచ్చి వంకర తిరిగి పడుకుని, చివరి కుబుసం విడిచి ప్యూపా అవుతుంది. దంతపు రంగు. రాబోయే కాళ్లు రొమ్ము మీదికి మడిచి, రాబోయే రెక్కలు పక్కలకు చుట్టుకుని ఉంటుంది. తినదు, నడవదు, తాకితే నడుము మాత్రం ఇటూ అటూ తిప్పుతుంది. వారం పది రోజుల్లో, చలిగా ఉంటే ఇంకా ఆలస్యంగా, అందులోంచి పెంకు పురుగు బయటికొస్తుంది. నేను ఎదురుచూసేది ఆ ఘడియ కోసమే. రెక్కల డొప్పలు తెల్లగా, ఇంకా గట్టిపడకుండా ఉంటాయి. అది సేతువ. కాసేపటికి ఆ తెలుపులోకి పసుపు దిగుతుంది, పసుపు ఎరుపెక్కుతుంది. అది డేగ. మరో రోజో రెండు రోజులో గడిచేసరికి నిగనిగలాడే నలుపు. కాకి. కోడిజాతికి మనవాళ్లు పెట్టిన మూడు ప్రధాన వర్ణాలనూ ఈ పురుగు ఒక్క జన్మలో, వరస తప్పకుండా ధరిస్తుంది. పుంజుకు ఆ అదృష్టం లేదు.

అందమే కాదు, సత్తువ కూడా ఉంది. ఎండబెట్టిన పురుగులో దాదాపు సగం మాంసకృత్తులే. కొవ్వూ ఎక్కువే, అందుకే ఇది అసలు మేత కాకూడదు, పైన వేసే రుచి కావాలి. సున్నం తక్కువ. గుడ్లు పెట్టే కోళ్లకు ఆల్చిప్పలు దంచి పక్కన పెట్టాలి. సముద్రం ఒడ్డున ఉన్న ఊళ్లో వాటికి కరువేముంది?

ఇక ఈ పురుగుకు అసలైన రసజ్ఞుడి దగ్గరికి వస్తాను. నాలుగు పురుగులు విసిరితే పుంజు గబుక్కున మింగదు. తల వంచి, పురుగును ముక్కుతో ఎత్తి, వదిలి, మళ్లీ ఎత్తి, గొంతులో టుక్ టుక్ మంటూ పెట్టలను పిలుస్తుంది. 1986లో జంతు ప్రవర్తన పరిశోధకుడు పీటర్ మార్లర్, ఆయన సహచరులు పుంజుల ముందు రకరకాల మేతలు పెట్టి ఈ పిలుపులను విన్నారు. ఆ మేతల్లో మీల్‌వార్మ్ ఒకటి, తినడానికి పనికిరాని గింజల పెంకులు మరొకటి. ఇష్టమైన మేత దొరికితే పిలుపులు జోరందుకున్నాయి. పెట్టలు కూడా ఆ జోరును బట్టే ఎక్కువగా దగ్గరికొచ్చాయి. అంటే రుచి మీద తన తీర్పును పుంజు లయలో చెబుతోంది, పెట్ట ఆ లయను వింటోంది. శృంగారానికి ఇంతకంటే మర్యాదైన అభినయం నేనెరగను.

పెట్ట పిల్లల తల్లి అయితే పురుగు మరో చేయి మారుతుంది. పుంజు వదిలినదాన్ని అందుకుని, తనూ మింగకుండా, తన గొంతుతో పిల్లలను పిలిచి వాటి ముందు పడేస్తుంది. మరుక్షణం ఒక పిల్ల దాన్ని ముక్కున కరుచుకుని పరుగు లంకించుకుంటుంది. తినడానికి ఆగదు. పిట్టగోడ వారగా, నీళ్ల ట్యాంకు చుట్టూ పరుగే పరుగు. మిగతా పిల్లలన్నీ కిచకిచమంటూ దాని వెనకే. ఎవరో లాక్కుంటారు, పరుగు దిక్కు మారుతుంది, మళ్లీ మొదలు.