రెండో భాగం ఏమైంది?

షార్ట్‌ఫిల్మ్ తీస్తామంటూ పేరున్న కథ పట్టుకొచ్చే కుర్రాళ్లు "ఇంకేం కలుపుదాం సార్?" అని అడుగుతారు. ఏం తీసేద్దామని అడిగినవాడు ఇంతవరకూ తగల్లేదు. వాళ్లకి నేను పెట్టి చూపించే సినిమా ఒకటుంది: ఫ్రెంచ్ దర్శకుడు రొబేర్ ఎన్రికో తీసిన ‘లా రివియేర్ ద్యు ఇబూ’. నలుపు తెలుపు, అరగంట కూడా ఉండదు. 1962లో కాన్‌లో లఘుచిత్రాల బహుమతి, తర్వాత ఆస్కారూ గెలిచింది.

మూలకథ ఆంబ్రోస్ బియర్స్‌ది, 1890 నాటి ‘యాన్ అకరెన్స్ ఎట్ ఔల్ క్రీక్ బ్రిడ్జ్’. అమెరికా అంతర్యుద్ధ కాలం. అలబామాలో రైలు వంతెన మీద పేటన్ ఫార్కర్ అనే మనిషిని ఉత్తరాది సైనికులు ఉరితీయబోతున్నారు. బియర్స్ కూడా ఆ సైన్యంలోనే పోరాడి, 1864లో తలకి తూటా దెబ్బ తిన్నవాడు. ఏ పలక ఎక్కడుంది, దాని మీద ఎవరు నిలబడ్డారు అన్నది జాలీ కోపమూ లేకుండా లెక్కగా రాస్తాడు.

ఎన్రికో దీన్ని దాదాపు మాటల్లేకుండానే నడిపాడు. తాడు తెగి నీళ్లలో పడ్డ ఫార్కర్ పైకి తేలేసరికి సైనికుల కేకలు సాగిపోయి, మనుషుల గొంతుల్లా వినిపించవు. ఆకు మీద పురుగు, సాలెగూడు తెరంతా పరుచుకుంటాయి. బియర్స్ పేరాలకు పేరాలు రాసిన పనిని ఇక్కడ సౌండూ క్లోజప్పూ చేసేశాయి. చివర్లో భార్య వైపు పరుగు మళ్లీ మళ్లీ వస్తుంది, దూరం మాత్రం తరగదు. ఎందుకో చెప్పను, చూడండి.

కథలో ఫార్కర్ బానిసలున్న తోట యజమాని. దక్షిణాది కోసం ఏదో ఘనకార్యం చెయ్యాలని ఉవ్విళ్లూరి, మారువేషంలో వచ్చిన ఉత్తరాది వేగు మాటలు నమ్మి దొరికిపోయాడు. కథలో రెండో భాగమంతా ఇదే. సినిమాలో దాని చోట చెట్టుకి కొట్టిన ఒక్క నోటీసు మిగిలింది: రైలుమార్గాల జోలికొచ్చిన పౌరులను ఉరితీస్తామని. దాంతో ఫార్కర్ ఎవరైనా కావచ్చు, మనమే కావచ్చు. సినిమా బలం అక్కడే, నా పేచీ కూడా అక్కడే. కథ చదువుతుంటే అతను బతకాలనే అనిపిస్తుంది. బతికితే ఆ తోటలో బానిసల మాటేమిటని ఒక ముల్లూ గుచ్చుతుంది. ఎన్రికో ఆ ముల్లు పీకేశాడు. అల్జీరియా యుద్ధంతో నలిగిన ఫ్రాన్స్‌లో, ఉరితాడు కింద నిలబడ్డవాడి పుట్టుపూర్వోత్తరాలు అతనికి అనవసరం అనిపించాయేమో. ఇది నా ఊహే.

"అయితే ఆ రెండో భాగం పెట్టి మేం తీస్తే?" అన్నాడొక కుర్రాడు. నిడివి పెరుగుతుంది, పరుగు వేగం చచ్చిపోతుంది. అయినా తీసి చూడమన్నాను.