పరిటాల వజ్రాలు, ఇంగ్లీషు నేరకథలు

బ్రిటిష్ అపరాధ పరిశోధక కథనూ దయ్యాల కథనూ వేర్వేరు శాఖలుగా చూడడం వాడుకే గాని, ఆ రెండూ ఒకే ఇంట పుట్టినవి, వాటి తొలినాటి ముడిసరుకులో కొంత కృష్ణ ఒడ్డునుంచే వెళ్లింది. నందిగామకూ విజయవాడకూ నడుమనున్న పరిటాల, ఆవలి ఒడ్డున పులిచింతల జలాశయంలో మునిగిన కొల్లూరు, గోల్కొండ వజ్రాలకు పేరుపడ్డ గనులు. ఉత్తర సర్కారులు ఇంగ్లీషు కంపెనీ వశమైనా, వజ్రాల మీది ఆశతో నిజాం పరిటాల ప్రాంతపు గ్రామాలను తన చేతిలోనే ఉంచుకున్నాడు.

మద్రాసు గవర్నరు థామస్ పిట్ కొన్న 410 క్యారెట్ల ముడివజ్రం కొల్లూరుదని కొందరు, పరిటాలదని కొందరు రాశారు. గని కూలి ఒకడు కాలిగాయపు కట్టులో దాన్ని దాచి పారిపోగా, ఓడ ఎక్కించుకున్న ఇంగ్లీషు కప్తాను వాణ్ణి చంపి వజ్రం కాజేసి, చివరకు ఉరిపోసుకున్నాడని ప్రచారం. ఇందులో నిజమెంతో గాని, తాను సక్రమంగానే కొన్నానని పిట్ రాతపూర్వకంగా చెప్పుకోవలసివచ్చింది. వజ్రం పిడికిట్లో ఇమిడి, ఆనవాలు లేకుండా చేతులు మారుతుంది కనుక పరిశోధకుడికి పని కల్పిస్తుంది, నెత్తురంటినదన్న పేరు పడిందంటే దయ్యానికీ చోటిస్తుంది.

ఈ రెంటినీ ఒకే నవలలో ఇమిడ్చినవాడు విల్కీ కాలిన్స్. 1868లో వచ్చిన ‘ది మూన్‌స్టోన్’లో, 1799 శ్రీరంగపట్నం ముట్టడిలో దోచిన దేవతావజ్రం ఇంగ్లండులోని ఒక ఇంట పుట్టినరోజు రాత్రి మాయమవుతుంది. తన కథకు కోహినూరు కొంత ఆధారమని ఆయన ముందుమాటలోనే చెప్పాడు. కథను ఒక్కరే చెప్పరు. ముసలి నౌకరు, ఛాందస బంధువు, వకీలు, వైద్యుడి సహాయకుడు, ఎవరు చూసినంత వారు రాస్తారు, అందువల్ల అబద్ధమేమీ చెప్పకుండానే నిజం దాగి ఉంటుంది. ఆరని రంగు పూసిన తలుపు మీద పడ్డ చిన్న మరక పాఠకుడి కళ్లెదుటే ఉన్నా, దొంగ ఎవరన్నది చివరిదాకా అందదు. వజ్రం తీసినవాడు నల్లమందు మత్తులో తీశాడు కనుక ఆ సంగతి వాడికే తెలియదు, పైగా దొంగను వెతికేవాళ్లలో వాడే ముందున్నాడు. ఇంత సాహసమైన మలుపు తర్వాతివారిలోనూ అరుదు.

వజ్రాన్ని వెంబడించి వచ్చిన ముగ్గురు బ్రాహ్మణులు ఒక కుర్రవాడి అరచేతిలో సిరా పోసి, అందులో కనిపించినదేమిటో చెప్పమంటారు. అంజనం వేయించడం ఎరిగిన తెలుగు పాఠకుడికి ఇది కొత్త కాదు. కాలిన్స్ దాన్ని కథలోకి రానిచ్చి, ఒక యాత్రికుడి నోట తీసిపారేయించాడు గాని, భయం మాత్రం మిగిల్చాడు.

ఆ తర్వాత ఈ రెండు రకాల కథల దారులు చీలాయి. 1929లో రోనాల్డ్ నాక్స్ పరిశోధక కథకు పది నియమాలు రాస్తూ మానవాతీత శక్తులను పూర్తిగా నిషేధించాడు, ఆధారాలన్నీ పాఠకుడికి ముందే చూపాలన్నాడు. దయ్యాల కథ ఎమ్. ఆర్. జేమ్స్ చేతిలో, 1904నాటి సంపుటంతో, పురాతత్వ పండితుల పాలైంది. పాత వస్తువును తవ్వితీసిన పండితుణ్ణి ఆ వస్తువు తాలూకు ఏదో వెంటాడుతుంది. తేదీలు, పత్రాలు, శాసనాలతో నమ్మకం కుదిర్చి, భయపెట్టేదాన్ని రెండు వాక్యాల్లో, అదీ అరకొరగా చూపి వదలడం ఆయన పద్ధతి. జగ్గయ్యపేటలో ధనబోడు అని పిలిచే గుట్ట మీది బౌద్ధస్తూపాన్ని 1882లో జేమ్స్ బర్జెస్ పరిశోధించేనాటికే దాని రాళ్లు ఇళ్ల కట్టుబడికి తరలిపోయాయి. ఎమ్. ఆర్. జేమ్స్ కలానికి ఇంతకన్నా మంచి సామగ్రి దొరికేది కాదు. బర్జెస్ నివేదిక 1887లో వెలువడింది, షెర్లాక్ హోమ్స్ తొలికథా ఆ ఏడే.

తెలుగులోకి పరిశోధక కథా సంప్రదాయం మొదట బెంగాలీ మీదుగా, పాంచ్‌కడీ దే నవలలకు వేంకట పార్వతీశ కవుల అనువాదాల ద్వారా వచ్చింది. దాన్ని ఊరూరా అద్దె పుస్తకాల షాపుల్లోకి చేర్చినవాడు కొమ్మూరి సాంబశివరావు, ఆయన డిటెక్టివ్ యుగంధర్, అసిస్టెంటు రాజు హోమ్స్, వాట్సన్‌ల జోడీని తలపిస్తారు. వేగం విషయంలో ఆయన బ్రిటిష్ గురువులకు తీసిపోడు, ఆధారాలను ముందే చూపడంలో మాత్రం అంత పట్టింపు లేదు. యండమూరి వీరేంద్రనాథ్ ‘తులసిదళం’లో చేతబడినీ శాస్త్రాన్నీ ఎదురెదురుగా నిలబెట్టిన తీరును నాక్స్ ఒప్పుకునేవాడు కాదు, కాలిన్స్ అయితే అభ్యంతరపెట్టేవాడు కాదు.