లోయలు దాటించిన జోడీ

అమెరికా కామిక్స్ పుస్తకాల్లో కౌబాయ్‌లు గుర్రాల మీద కొండలోయలు దాటుతున్న రోజుల్లో తెలుగు పిల్లల్ని అలాంటి సాహసాలకు తీసుకెళ్లింది ‘చందమామ’ మాసపత్రిక. 1954లో ‘తోకచుక్క’ మొదలు 1978లో ముగిసిన ‘మాయాసరోవరం’ దాకా ఆ జానపద సీరియళ్లు రాసింది దాసరి సుబ్రహ్మణ్యం, బొమ్మలు వేసింది చిత్రా. తుపాకులూ టోపీలూ లేవన్న మాటే గానీ, వెంటాడే శత్రువు, దారి తప్పించే అడవి, చొరరాని కోట అన్నీ వాటిలో ఉన్నాయి.

దాసరి పనితనం ముందు కనిపించేది కథానాయకుల ఎంపికలో. ‘శిథిలాలయం’లో శిఖిముఖి, విక్రమకేసరి, ‘యక్షపర్వతం’లో ఖడ్గవర్మ, జీవదత్తుడు, ‘మాయాసరోవరం’లో జయశీలుడు, సిద్ధసాధకుడు. వీరుడు ఒంటరివాడైతే అతని మనసులో మాట రచయితే విప్పి చెప్పాలి. ఇద్దరుంటే ఆ బెడద లేదు. ఒకడు అనుమానపడతాడు, ఇంకొకడు తెగిస్తాడు. ఆ వాదనలోనే కథ నాలుగడుగులు ముందుకు పోతుంది. ఖడ్గవర్మ చేతిలో కత్తి, జీవదత్తుడి చేతిలో మంత్రదండం. ఒకరికి చేతకానిది రెండోవారికి చేతనవుతుంది కనుక ఆపద ఏదైనా ఇద్దరికీ పని ఉంటుంది.

ఇక వర్ణన. దాసరి దాని జోలికి పెద్దగా పోడు. ఎందుకో యాగంటి వెళ్లినవాళ్లకు ఇట్టే తెలుస్తుంది. బనగానపల్లె దగ్గరి ఆ క్షేత్రంలో అగస్త్య గుహకు నిట్రంగా మెట్లెక్కాలి. వీరబ్రహ్మం గుహలోకి నడుం వంచి దూరాలి. ఆ కొండచరియ ఎత్తు, గుహలో ఇరుకు మాటల్లో పెట్టబోతే పేజీ నిండుతుంది, ఈలోగా పిల్లవాడు పుస్తకం మూసేస్తాడు. బొమ్మలో ఒక మనిషిని చరియ కింద నిలబెడితే చాలు, కొండ ఎంతో కంటికే తెలిసిపోతుంది. ఆ బరువంతా చిత్రాకు వదిలి, దాసరి కదలికను మాత్రం తన దగ్గర ఉంచుకున్నాడు: ఎవరు దూకారు, ఎవరు అరిచారు, తరవాత ఏమైంది.

చిత్రా అసలు పేరు టి.వి. రాఘవన్. చందమామలో దాదాపు ప్రతి పేజీకీ బొమ్మ ఉండేది, అదీ నెలనెలా. అంత గడువు ఒత్తిడిలోనూ మనిషి నిలబడ్డ తీరులోనే భయమో తెగువో చూపించాడాయన.

‘ఇంకా ఉంది’ అన్న మాట ఎక్కడ పడాలన్నది మరో విద్య. ఆపద ముగిశాక కాదు, ఎదురైన క్షణాన. మరుసటి నెల, అప్పటిదాకా జరిగిన కథ నాలుగు ముక్కల్లో చెప్పి, మళ్లీ అక్కడి నుంచే పరుగు. ఇవాళ పిల్లలకు సాహసకథ రాయబోయేవాళ్లు దాసరి మాంత్రికుల్నీ రాక్షసుల్నీ అరువు తెచ్చుకోనక్కర్లేదు. బొమ్మ చెప్పగలిగినదాన్ని మాటతో మళ్లీ చెప్పని ఆ పొదుపు నేర్చుకుంటే చాలు.