పాతవాళ్ల చెవిలో కొత్త దరువు

 బెంగాల్‌లోని హౌరాలో, హుగ్లీ ఒడ్డున సాల్కియా ఉంది. కవిగానంలో పేరుమోసిన రామ్ బసు (1786–1828) అక్కడివాడు. కవిగానమంటే రెండు జట్ల పోటీ. ఒక జట్టు పాటలో ప్రశ్న వేస్తుంది, దాన్ని ‘చాపాన్’ అంటారు. రెండో జట్టు పాటలోనే బదులివ్వాలి, అది ‘ఉతోర్’. డోలు మోగుతుండగా పురాణజ్ఞానం, ఎత్తిపొడుపు, వెక్కిరింత అన్నీ కలిసి నడుస్తాయి. ఈశ్వరచంద్ర గుప్త 1850లలో తన ‘సంబాద్ ప్రభాకర్’ పత్రికలో ఈ కవుల జీవితాలనూ పాటలనూ వెతికి మరీ అచ్చువేశాడు. రవీంద్రుడు మాత్రం అది జనాన్ని అప్పటికప్పుడు మెప్పించడానికి పుట్టిన సరుకని తప్పుపట్టాడు.

న్యూయార్క్‌లో హిప్‌హాప్ పుట్టినప్పుడు కూడా పెద్దవాళ్లు రెండుగా చీలారు. అయితే కోప్పడ్డవాళ్లు సైతం శ్రద్ధగా విన్నాకే కోప్పడ్డారు. నాకు ఆ సంగతే ముఖ్యమనిపిస్తుంది.

ముందు పనితనం చూద్దాం. 1973 ఆగస్టు 11న బ్రాంక్స్‌లో ఓ పార్టీలో కూల్ హెర్క్ రికార్డులు తిప్పాడు. పాటలో గొంతు ఆగి డ్రమ్స్ ఒక్కటే మోగే చిన్న ముక్కను ‘బ్రేక్’ అంటారు. జనం ఎగిరి ఆడేది ఆ ముక్కకే. అందుకని హెర్క్ ఒకే రికార్డు రెండు ప్రతులు పెట్టుకుని, ఒకదాంట్లో బ్రేక్ అయిపోగానే రెండోదాంట్లో అందుకుని, దాన్ని సాగదీసే పద్ధతి పట్టాడు. గ్రాండ్‌మాస్టర్ ఫ్లాష్ రికార్డు మీద గుర్తులు పెట్టుకుని, సరిగ్గా ఆ చోటికే వెనక్కి తిప్పేవాడు. వీటి మీద మాట నడుస్తుంది. ర్యాపర్ ప్రాసను ఎప్పుడూ దెబ్బ మీదే వేయడు. ఒకసారి ముందే ఎత్తుకుంటాడు, ఒకసారి కాస్త ఆగి అందుకుంటాడు. మన సంగీతంలో అతీత, అనాగత గ్రహాలని చెప్పుకునే ఎత్తుగడలు ఎరిగినవారికి ఇదేమీ వింత కాదు.

1979లో ‘ర్యాపర్స్ డిలైట్’ అనే ర్యాప్ పాట వచ్చింది. దాని అడుగున నడిచేది షీక్ బృందం ‘గుడ్ టైమ్స్’ బాస్ వరస. దాన్ని కట్టిన నైల్ రాడ్జర్స్, బెర్నార్డ్ ఎడ్వర్డ్స్ కోర్టుకెక్కుతామని బెదిరించి, రచయితలుగా తమ పేర్లు వేయించుకున్నారు. తర్వాతి కాలంలో రాడ్జర్స్ ఆ పాటంటే తనకెంతో ఇష్టమని చెప్పుకున్నాడు.

జాజ్ వాళ్లలో డ్రమ్మర్ మ్యాక్స్ రోచ్ ఈ కొత్త దరువును ముందే పట్టుకున్నాడు. బీబాప్ లయను మలిచిన ఆ చేతులు 1980లలో ఫ్యాబ్ ఫైవ్ ఫ్రెడ్డీ ర్యాప్‌తో కలిసి వేదికెక్కాయి. పియానో విద్వాంసుడు హెర్బీ హాన్‌కాక్ 1983లో ‘రాకిట్’ చేశాడు. అందులో డీజే డీఎస్‌టీ రికార్డును చేత్తో ముందుకీ వెనక్కీ గీకుతూ తీసిన ధ్వని వెనక ఎక్కడో దాక్కోదు, సొంతంగా సోలో వాయిస్తుంది. మరుసటి ఏడాది గ్రామీ వేదిక మీద దేశమంతా టర్న్‌టేబుల్‌ను వాద్యంగా చూసింది.

జేమ్స్ ఎంటూమే ఒప్పుకోలేదు. మైల్స్ డేవిస్ దగ్గర తాళవాద్యాలు వాయించిన మనిషి ఆయన. వాద్యం నేర్వకుండా పాత రికార్డులు కోసి అతికించడం ఏం సంగీతమని రేడియోలో నిలదీశాడు. స్టెట్సాసోనిక్ బృందం 1988లో పాటతోనే బదులిచ్చింది. అచ్చంగా చాపాన్, ఉతోర్! ఆరేళ్లకు ఎంటూమే బృందం ‘జ్యూసీ ఫ్రూట్’ మీదే నొటోరియస్ బీఐజీ ‘జ్యూసీ’ కట్టాడు.

ఇలా కోసి అతికించే సాంప్లింగ్‌లోనూ కష్టం ఉంది. ఏ ముక్క కోయాలో, దేని పక్కన పెట్టాలో తెలియడం చెవి సాధన. కానీ ఎంటూమే కోపానికి ఆనుకుని ఇంకో ప్రశ్న ఉంది: ఆ వాయించినవాడి సంగతేమిటి? జేమ్స్ బ్రౌన్ ‘ఫంకీ డ్రమ్మర్’లో క్లైడ్ స్టబుల్‌ఫీల్డ్ వాయించిన కొద్ది సెకన్ల దరువు వందలకొద్దీ పాటల్లోకి చేరింది. పాటకు రచయితగా ఆయన పేరు లేదు కాబట్టి రాయల్టీ దక్కలేదు. ఇది అన్యాయమే, ఆ పాటలు ఎంత బాగున్నా సరే.

ఇందుకు భిన్నంగా, ఎ ట్రైబ్ కాల్డ్ క్వెస్ట్ అనే ర్యాప్ బృందం 1991లో ‘ద లో ఎండ్ థియరీ’ ఆల్బమ్ చేసేటప్పుడు రాన్ కార్టర్ బాస్ కావాలనుకుంది. మైల్స్ డేవిస్ బృందంలో వాయించిన కార్టర్ రికార్డులు కొల్లలుగా ఉన్నాయి, కోసుకోవచ్చు. వాళ్లు మనిషినే పిలిచారు. పాటలో బూతులు ఉండకూడదని ఆయన ముందే షరతు పెట్టాడు. స్టూడియోకి వచ్చి డబుల్ బాస్ వాయించాడు. ఆ బృందపు ర్యాపర్ క్యూటిప్ ఆయన వాయించిన పాటలోనే రాన్ కార్టర్ పేరు పలికాడు.