అండ్ పార్టీ

గ్రామఫోను రికార్డుకు రెండు వైపులుంటాయి. మొదటి వైపు కంపెనీది. రెండో వైపు పాడినవాళ్లది. అమ్ముడుపోతుందని తేలిన పాటను కంపెనీ మొదటి వైపు ఎక్కిస్తుంది. రెండో వైపు ఖాళీగా ఉంచలేరు గనక ఏదో ఒకటి పెడతారు. లెక్కలు చూసేవాళ్ల కన్ను అంతగా పడని ఆ చోట ఒక్కోసారి మొదటి వైపు కన్నా గట్టి పాట వచ్చి కూచుంటుంది. బీటిల్స్ బృందం 1966లో పాడిన ‘రెయిన్’ అలా రెండో వైపు పాటే. తమ ఆల్బములలో చేరకుండా విడిగా ఉండిపోయిన ఇలాంటి పాటలను 1988లో ‘పాస్ట్ మాస్టర్స్’ పేరుతో పోగుచేశారు.

పాడినవాళ్లు బతికి ఉండగా మిగులుగా లెక్కించిన సరుకే, వాళ్లు పోయాక ‘నిధి’ అవుతుంది. ‘దొరికింది’, ‘వెలుగు చూసింది’ అంటూ పత్రికలు రాస్తాయి. ఎక్కడ దొరికింది? కంపెనీ గోదాములోనే. ఇన్నాళ్లూ దాన్ని దాచినవాడూ, ఇప్పుడు కనుగొన్నవాడూ ఒక్కడే! ఈ విడ్డూరాన్ని మన విమర్శకులు పెద్దగా పట్టించుకున్నట్టు లేదు.

నుస్రత్ ఫతే అలీఖాన్ పాటలతో రియల్ వరల్డ్ అనే ఇంగ్లీషు సంస్థ 2024 సెప్టెంబరులో విడుదల చేసిన ‘చైన్ ఆఫ్ లైట్’ ఇలాంటిదే. నిష్కర్షగా చెప్పాలంటే ఇది రెండో వైపు పాటల సంకలనం కాదు. కాని దాని జాతిదే. 1990లో ఇంగ్లండులోని విల్ట్‌షైర్‌లో, బాక్స్ అనే ఊళ్లో ఆ సంస్థకున్న స్టూడియోలో నాలుగు కవ్వాలీలు టేపుకెక్కాయి. ఆ కాలంలోనే అక్కడ తయారైన ‘మస్త్ మస్త్’ ప్రపంచమంతా తిరిగింది. దాన్ని మరొక ఇంగ్లీషు బృందం యంత్రాల తాళం జోడించి తిరగరాస్తే, అది కోకాకోలా ప్రకటనలోకి కూడా ఎక్కింది. ఈ నాలుగూ మాత్రం బీరువాలో ఉండిపోయాయి. 1997లో నుస్రత్ చనిపోయాడు. 2021లో టేపు బయటపడింది. రికార్డు కావడానికీ, మన చెవిన పడడానికీ మధ్య ముప్పై నాలుగేళ్లు గడిచాయి.

ఏవి ఆగిపోయాయో చూడండి. ఒకటి ‘యా అల్లా యా రహమాన్’. మరొకటి ‘ఆజ్ సిక్ మిత్రాందీ’. గోల్డా పీరు మెహర్ అలీషా పంజాబీలో కట్టినది. మూడోది ‘యా గౌస్ యా మీరాఁ’, బగ్దాదు గురువు అబ్దుల్ ఖాదిర్ జీలానీని పిలిచే పాట. నాలుగోది అమీర్ ఖుస్రో పారశీక గజలు ‘ఖబరమ్ రసీద్ ఇమ్షబ్’. వీటిలో గిటారు లేదు, నృత్యశాలకు పనికొచ్చే తాళం లేదు. హార్మోనియం, తబలా, చప్పట్లు, గొంతులు, అంతే. వీటికి సంతలో తొందర లేకపోయింది. పాతబస్తీలో పదకొండో రోజు గ్యార్వీ ఫాతెహా చేసుకునే ఇళ్లలో మూడో పాట పల్లవి వినగానే అర్థమవుతుంది. ఇక నాలుగో పాట సంగతి. 1880లలో నిజాం కచేరీలలోంచి పారశీకం పోయి ఉర్దూ వచ్చింది. గుమాస్తాలు మరిచిపోయిన ఆ భాష కవ్వాలుల నాలుకల మీద నిలిచింది.

నేను ఈ రికార్డును షాలిబండలో ఒక మిత్రుని ఇంట్లో మొదటిసారి విన్నాను. అక్కడున్న వారిలో ఒక ముసలాయన వయసులో ఉన్నప్పుడు దర్గాలలో కవ్వాలీ బృందాల వెనక వరసలో కూచుని పాడినవాడు. మేమంతా నుస్రత్ తారస్థాయిని గురించి మాట్లాడుతుంటే ఆయన ఒకే ప్రశ్న వేశాడు: “చప్పట్లు కొడుతున్నది ఎవరు?”

సంగీత విమర్శ మొదలు కావలసింది ఈ ప్రశ్నతోనే అని నాకు తోస్తుంది. ఆ బృందంలో తమ్ముడు ఫరూఖ్ హార్మోనియం, దిల్‌దార్ హుసేన్ తబలా, అప్పటికి పదహారేళ్లు నిండని రాహత్ గొంతు లోకానికి తెలుసు. వెనక వరసవాళ్లు తెలియరు. కాని ఈ నాలుగు పాటలలో వాళ్లు చేసిన పని సామాన్యమైనది కాదు. మెహఫిల్‌లో ఏ చరణాన్ని ఎన్నిసార్లు తిప్పి పాడాలో నిర్ణయించేది శ్రోత. ఒక ముక్క దగ్గర ఎవరికైనా హాల్ వస్తే, ఎవరైనా లేచి నజరానా ముందు పెడితే, ఆ ముక్క మీదే పాట నిలబడుతుంది. స్టూడియోలో శ్రోత లేడు. గాజు తలుపు వెనక ఇంజనీరున్నాడు. ఆయనకు ఆ భాష రాదనే అనుకోవచ్చు. అలాంటప్పుడు ముందు గాయకుణ్ణి ఉసిగొల్పేదెవరు? ఈ రికార్డులో ఆ పని వెనక వరస చేసింది. నుస్రత్ స్వరాలు విసిరి దూరం పోతాడు, పల్లవి అందుకుని వాళ్లు వెనక్కి లాగుతారు. ఆయనకు ఊపిరి దొరికేదీ, తర్వాతి మాట తట్టేదీ ఆ వ్యవధిలోనే. ‘యా గౌస్’లో ఈ లాగుడు నాకు అన్నిటికన్నా స్పష్టంగా వినిపించింది. నాలుగింటిలో నేను దాన్నే పైన పెడతాను. మొదటి పాట బాగుంది కాని నుస్రత్ ఇతర రికార్డులు విన్నవారికి కొత్తదనం తక్కువ. దొరికినదంతా బంగారమే అనడం వ్యాపారి భాష.

పాట నిడివి కూడా కళాకారుడి ఇష్టం కాదు. హైదరాబాదు ఉదాహరణే తీసుకుందాం. 1971లో పద్మశ్రీ పొందిన అజీజ్ అహ్మద్ ఖాన్ వార్సీ మన నగరపు కవ్వాలు. 1857 తిరుగుబాటు తర్వాత ఢిల్లీ దర్బారు కూలిపోతే నిజాము ఆశ్రయానికి వచ్చిన పరంపర తమదని ఆ కుటుంబం చెప్పుకుంటుంది. మనవలు నజీర్, నసీర్ వార్సీ సోదరులుగా ప్రసిద్ధులు. దర్గాలో అరగంటకు పైగా సాగే కవ్వాలీ 78 రికార్డులోకి రావాలంటే వైపుకు మూడు నిమిషాలు, కొంచెం అటూ ఇటూ. అందుకే ఆ కాలపు కవ్వాలీ రికార్డుల మీద ‘ఒకటో భాగం’, ‘రెండో భాగం’ అని కనిపిస్తుంది. సూది ఎత్తి, పళ్లెం తిప్పి, మళ్లీ పెట్టేలోగా వేడి చల్లారుతుంది. ఇక్కడ రెండో వైపంటే మిగులు పాట కూడా కాదు, నరికిన పాటలో సగం. అలా నరికేటప్పుడు మొదట పోయేది ఏది? వెనక వరస తిప్పి తిప్పి పాడే పల్లవే. ముందు గాయకుడి గొంతును తగ్గించడానికి ఏ కంపెనీ ఒప్పుకోదు. కవ్వాలీ ‘ఒక్కడి పాట’గా మారడంలో లక్క రికార్డు పాత్ర చిన్నది కాదు.

భక్తిపాటల గురించి అభ్యుదయ పత్రికలో ఇంత చర్చ ఎందుకని కొందరు మిత్రులు అడగవచ్చు. పీర్ల మహిమలను నేను సమర్థించడం లేదు. నవాబుల దివాన్‌ఖానాలలో నజరానాల కోసం చేతులు కట్టుకున్న చరిత్ర కూడా కవ్వాలీకి ఉంది. దాన్ని ‘సామరస్యం’ అన్న తీపి మాటతో కప్పిపుచ్చేవారితో నాకు పేచీ ఉంది. కాని పాటలోని దేవుడి పేరు చూసి, పాడినవాడి శ్రమను వదిలేయడం భౌతికవాదం అనిపించుకోదు.

పైగా ఇది వాళ్ల సంగతి మాత్రమే కాదు. మన బుర్రకథనే చూడండి. నడుమ తంబురాతో కథకుడు, అటూ ఇటూ డక్కీలతో ఇద్దరు వంతలు. ఒకరు రాజకీయం విప్పి చెబుతారు, ఒకరు నవ్విస్తారు. 1943 తర్వాత ప్రజానాట్యమండలి ఈ రూపాన్ని ఊరూరా తిప్పినప్పుడు, జనానికి వార్త చేరవేసినవాడు రాజకీయపు వంత. అయినా ‘నాజర్ బుర్రకథ’ అనే అంటాం. నాజర్ గొప్పవాడు, సందేహం లేదు. కాని ఆ ఇద్దరి పేర్లు మన విద్యార్థులలో ఎంతమంది చెప్పగలరు? రికార్డు కంపెనీలు ‘అండ్ పార్టీ’ అని రెండు మాటల్లో ముగించాయి. పార్టీ అన్న మాటకు మరికొంత బరువిచ్చే మనం, ఆ రెండు మాటలు కూడా వాడలేదు.

అందుచేత ‘చైన్ ఆఫ్ లైట్’ను వినమనే నా సలహా, కాని పోగొట్టుకున్న మేధావి గొంతు కోసం కాదు. ఒక బృందం శ్రోతలు లేని గదిలో తనకు తానే శ్రోత ఎలా అయిందో వినడానికి. ఇలాంటి సంకలనం హైదరాబాదు కవ్వాలీకి కూడా రావాలి. అది తెచ్చేవారు పాట నాణ్యత పేరుతో ఒకటో భాగాన్ని తీసుకుని రెండో భాగాన్ని వదలరాదు. రెండు వైపులూ కలిపి, గీతలు పడిన చోట గీతలతోనే వెయ్యాలి. గాయకుడి పేరు కింద హార్మోనియం ఎవరు, ఢోలక్ ఎవరు, చప్పట్లు ఎవరు అన్నది రాయాలి.

అట్ట మీద ఆ పేర్లుండవు. గురువారాలు జుమ్మెరాత్ బజారులో పాత సామాను మధ్య లక్క రికార్డు కనిపిస్తే తిప్పి చూడండి, నడిమి కాగితం మీద ఒక పేరూ, ‘పార్టీ’ అన్న మాటా తప్ప మరేమీ ఉండదు. పేర్లు పాతబస్తీ ఇళ్లలో ఉన్నాయి. 1960లలో ఇరవై ఏళ్లవాడై వెనక వరసలో చప్పట్లు కొట్టినవాడికి ఇప్పుడు ఎనభైకి అటూ ఇటూ ఉంటుంది. చార్మినారు చుట్టుపక్కల కళాశాలల్లో ఉర్దూ, తెలుగు చదువుతున్న విద్యార్థులు సెలవుల్లో నోటుపుస్తకం పట్టుకుని వెళితే ఈ పని మొదలవుతుంది. ముందు ఆ రికార్డును వాళ్లకు వినిపించాలి. చప్పుడు విని తమ చేయి తాము గుర్తుపడతారని షాలిబండ ముసలాయన నాతో అన్నాడు.